అబాచా సొమ్ము ఇంటికి చేరిన దారి

ఉత్తరంలో ఉండే సంగతి ఒక్కటే. దేశ భద్రతకు ముప్పు వచ్చిపడింది, అర్జెంటుగా ఇన్ని లక్షల డాలర్లు కావాలి అని. రాసేది నైజీరియా జాతీయ భద్రతా సలహాదారు ఇస్మాయిలా గ్వార్జో. సరేనని సంతకం పెట్టేది దేశాధినేత జనరల్ సానీ అబాచా. ఆ సంతకం చూశాక సెంట్రల్ బ్యాంకులో మారు మాట్లాడేవాడు లేడు. కొంత వైర్ ట్రాన్స్‌ఫర్‌గా, కొంత ట్రావెలర్స్ చెక్కులుగా, చాలావరకు రొక్కంగానే ఇచ్చేసేవారు. తర్వాత కోర్టుల ముందుకొచ్చిన పత్రాల ప్రకారం ఆ నోట్ల కట్టలు లారీల్లో గ్వార్జో ఇంటికి వెళ్లేవి. అక్కడ మళ్లీ సర్ది అబాచా కొడుకు మహమ్మద్‌కు అందించేవారు. అక్కడి నుంచి విదేశీ ఖాతాల్లోకి. 1993 నవంబరులో గద్దెనెక్కిన అబాచా 1998 జూన్ 8న చనిపోయేదాకా ఇదే తంతు. ఈ ఒక్క పద్ధతిలోనే 200 కోట్ల డాలర్లకు పైగా పోయిందని అమెరికా న్యాయశాఖ లెక్కగట్టింది.

ఇందులో తెలివి ఏమీ లేదు. ఇంటి యజమానే బీరువా తెరిచి ఇంట్లోవాళ్ల సొమ్ము పట్టుకుపోవడం లాంటిది. దొంగ ఎవరో తెలుసు, ఎలా తీశాడో తెలుసు, కొన్నాళ్లకు ఎక్కడ దాచాడో కూడా తెలిసింది. అయినా విదేశీ కోర్టు తీర్పుతో పెద్ద మొత్తం వెనక్కి రావడం మొదలవ్వడానికి అబాచా చనిపోయాక ఏడేళ్లు పట్టింది. ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య బ్రిటన్ రాజు ఏలుబడిలో ఉన్న జెర్సీ దీవిలో దొరికిన మొత్తానికైతే దాదాపు 22 ఏళ్లు.

మన దగ్గర ఎన్నికలొచ్చినప్పుడల్లా స్విస్ బ్యాంకుల్లో నల్లధనం వెనక్కి తెస్తామన్న మాట వినిపిస్తుంది. ఆ మాట వింటుంటే స్విట్జర్లాండ్‌లో ఎక్కడో ఒక గోదాము ఉందనీ, ధైర్యమున్నవాడు వెళ్లి తాళం పగలగొడితే చాలనీ అనిపిస్తుంది. అలాంటి గోదాము లేదు. ఉన్నవి ఖాతాలు, ప్రతి ఖాతాకూ ఒక పేరు, ఆ పేరు వెనక ఒక కంపెనీ, ఆ కంపెనీకి ఇంకో దేశంలో రిజిస్ట్రేషన్, అన్నిటికీ ముందు నిలబడే లాయర్లు. అబాచా కేసు ప్రపంచంలోనే ఎక్కువగా ఫలించిన రికవరీల్లో ఒకటి కాబట్టి, అది ఎలా నడిచిందో చూస్తే ఈ పని అసలు స్వరూపం తెలుస్తుంది.

1999 మే నెలలో ఎన్నికైన అధ్యక్షుడిగా ఒలుసెగున్ ఒబసాంజో పదవిలోకి వచ్చాడు. ఈయన్ని అబాచా జైల్లో పెట్టించాడు, అబాచా చనిపోయాకే బయటపడ్డాడు. ఈ చిన్న సంగతి ఈ కథలో చాలా పెద్దది. అదే ఏడాది సెప్టెంబరులో జెనీవా లాయరు ఎన్రికో మోన్‌ఫ్రినీకి నైజీరియా పెద్దల్లో ఒకరి నుంచి రాత్రిపూట ఫోన్ వచ్చింది, హోటల్‌కు రమ్మని. అబాచా దాచిన డబ్బు వెతికి ఆపగలవా అన్నది ప్రశ్న. ఆపగలనన్నాడాయన. అప్పటికి ఆ పనిలో తనకు తెలిసింది తక్కువేనని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు.

ఇలాంటప్పుడు మామూలుగా జరిగేది ఏమిటంటే, ఒక దేశం ఇంకో దేశానికి న్యాయ సహాయం కోరుతూ ఉత్తరం రాస్తుంది. మన సీబీఐ, ఈడీ వార్తల్లో వినిపించే ‘లెటర్ రొగేటరీ’ ఆ కోవలోదే. అది విదేశాంగ శాఖ నుంచి రాయబార కార్యాలయానికీ, అక్కడి నుంచి అవతలి దేశపు న్యాయశాఖకూ, చివరికి ఒక జడ్జి బల్ల మీదికీ చేరాలి. అనువాదం సరిగా లేదని ఒకసారి, మీ చట్టంలో నేరమైంది మా చట్టంలో నేరం కాదని ఇంకోసారి తిరిగొస్తుంది. ఈలోపు ఖాతాదారుడు ఊరికే కూర్చోడు. డబ్బు కదలడానికి బ్యాంకు పనివేళల్లో ఒక్క పూట చాలు. ఉత్తరం కదలడానికి ఏడాది.

మోన్‌ఫ్రినీ ఆ వరసలో నిలబడలేదు. ఉత్తరంతో పాటు జెనీవాలోనే క్రిమినల్ ఫిర్యాదు పెట్టించాడు. స్విస్ చట్టంలో నేరానికి నష్టపోయినవాడు కేసులో పక్షంగా చేరవచ్చు. నైజీరియా ప్రభుత్వమే నష్టపోయిన పక్షమైంది. అలా చేరినవాళ్లకు ఫైలు చూసే హక్కు ఉంటుంది. బ్యాంకు ఇచ్చిన స్టేట్‌మెంట్లు, ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు ఎంత వెళ్లిందన్న వివరాలు అన్నీ నైజీరియా లాయర్ల చేతికొచ్చాయి. వాటిలో లండన్ పేరు కనిపిస్తే లండన్‌కు, లక్సెంబర్గ్ కనిపిస్తే లక్సెంబర్గ్‌కు, ఖాతా నంబరుతో సహా ఉత్తరం రాయగలిగారు. ‘మీ దేశంలో మా డబ్బేమైనా ఉందేమో చూసిపెట్టండి’ అని రాస్తే ఏ దేశమూ కదలదు. ‘ఫలానా బ్యాంకులో, ఫలానా నంబరు ఖాతాలో’ అని రాస్తే కదలక తప్పదు.

ఖాతాలను కదలకుండా ఆపుతూ స్విట్జర్లాండ్ ఇచ్చిన మొదటి ఉత్తర్వు 1999 అక్టోబరులోనే వచ్చింది. ఆ తర్వాత సంవత్సరం అక్కడి బ్యాంకింగ్ నియంత్రణ సంస్థ విచారణ జరిపి, అబాచా మనుషుల డబ్బు తీసుకునేటప్పుడు కళ్లు మూసుకున్న బ్యాంకులను పేర్లతో సహా మందలించింది. రహస్యానికి పేరుపడ్డ దేశం ఆ పని చేయడం అప్పట్లో వింతే. బ్రిటన్ నియంత్రణ సంస్థ 2001 మార్చిలో తన లెక్క చెప్పింది: లండన్‌లోని 23 బ్యాంకుల గుండా 130 కోట్ల డాలర్ల అబాచా సంబంధిత సొమ్ము నడిచింది, వాటిలో 15 బ్యాంకుల తనిఖీ వ్యవస్థలో గట్టి లోపాలున్నాయి. ఏ బ్యాంకు పేరూ చెప్పలేదు. స్విస్ బ్యాంకులు అని తిట్టుకుంటూ ఉంటాం కానీ, ఈ కేసులో జెనీవా కంటే లండన్ దగ్గరే ఎక్కువ చిక్కులు ఎదురయ్యాయి.

ఖాతా ఆపడం ఒక ఎత్తు, అందులో డబ్బు దొంగసొమ్మేనని నిరూపించడం ఇంకో ఎత్తు. ఈ రెండోదే అసలు కొండ. సెంట్రల్ బ్యాంకు నుంచి లారీలో వెళ్లిన డాలరు నోటు, ఏడాది తర్వాత ఒక డొల్ల కంపెనీ పేరున పెట్టుబడి ఫండ్‌లో యూనిట్‌గా కనిపిస్తుంది. మధ్యలో పది ఖాతాలు మారింది, వేరే డబ్బుతో కలిసింది. పాలలో పోసిన నీళ్లను వేరుచేసి, ఈ గ్లాసెడు నీళ్లు ఫలానా బావివే అని చూపించమంటే ఎలా? మామూలు చట్టం కోరేది సరిగ్గా అదే.

స్విస్ కోర్టులు ఇక్కడ ఒక దారి పట్టాయి. ఆ దేశపు శిక్షాస్మృతిలో నేరముఠాల ఆస్తుల గురించి ఒక నిబంధన ఉంది. మాఫియాల కోసం రాసుకున్నది. ముఠా అని తేలితే, ఆ ముఠా చేతిలో ఉన్న డబ్బంతా నేరసంపాదనే అనుకోవాలి. కాదంటే కాదని నిరూపించుకోవాల్సింది వాళ్లే. అబాచా, ఆయన కుటుంబం, చుట్టూ ఉన్న మనుషులు కలిసి దేశ ఖజానాను దోచడానికి కట్టిన ముఠా అని 2005 ఫిబ్రవరిలో స్విస్ సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ఒక దేశాధినేత చుట్టూ ఉన్న పరివారాన్ని మాఫియా గాటన కట్టడం సామాన్యమైన సంగతి కాదు. ఆ తీర్పుతో నిరూపణ భారం తిరగబడింది. సుమారు 50.5 కోట్ల డాలర్లు 2005, 2006ల్లో నైజీరియాకు చేరాయి. ఇన్నేళ్ల వ్యవహారంలో చట్టపరంగా మలుపు తిప్పింది ఈ ఒక్క తీర్పే అనాలి. మిగతావన్నీ దాని నీడలోనే నడిచాయి.

దానికి ముందు 2002లో రాజీ ప్రయత్నం ఒకటి జరిగింది. కుటుంబం వంద కోట్ల డాలర్లకు పైగా అప్పగించేయాలి, 10 కోట్లు తమ దగ్గర ఉంచుకోవచ్చు, కేసులు ఎత్తేస్తారు. ఆ ఏడాది జైలు నుంచి బయటికొచ్చాక మహమ్మద్ అబాచా సంతకం పెట్టనన్నాడు. ఆ 10 కోట్లు వదిలెయ్యడానికి ఒబసాంజో ఒప్పుకోవడమే తప్పని విమర్శించినవాళ్లున్నారు. అది నైతికంగా నిజమే కావచ్చు. కానీ ఆస్తుల రికవరీలో పనిచేసే లాయర్లెవరూ రాజీలను అంత తేలిగ్గా కొట్టిపారేయరు. కోర్టులో పదేళ్లు పోరాడితే వచ్చే వందకు, ఇవాళ చేతికొచ్చే ఎనభైకి మధ్య వాళ్లు రోజూ లెక్క వేస్తూనే ఉంటారు.

రాజీల్లో చిక్కు ఏమిటో చూడాలంటే అబూబకర్ బాగుడు సంగతి చూడాలి. అబాచా కొడుకుల వ్యాపార భాగస్వామి. నైజీరియా ప్రభుత్వ రుణాలను తమ కంపెనీల ద్వారా తక్కువకు కొని, అదే ప్రభుత్వానికి ఎక్కువ ధరకు అమ్మి 28.2 కోట్ల డాలర్లు మిగుల్చుకున్నారన్నది వీళ్ల మీద అమెరికా మోపిన ఆరోపణ. 2003లో ఆయన అమెరికాలో పట్టుబడ్డాడు. 16 కోట్ల డాలర్లకు పైగా తిరిగిచ్చే ఒప్పందం మీద బయటపడి స్వదేశం చేరాడు. శిక్ష పడలేదు. తర్వాత సెనేటరయ్యాడు. 2015 నుంచి ఎనిమిదేళ్లు కెబ్బి రాష్ట్ర గవర్నరుగా పనిచేశాడు. 2023లో కేంద్రంలో మంత్రి అయ్యాడు. శాఖ బడ్జెట్, ఆర్థిక ప్రణాళిక.

ఆ శాఖ పేరు చదివాక కాసేపు ఆగి ముందుకెళ్లాలి.

అమెరికా పట్టిన దారి వేరు. అక్కడి చట్టంలో మనిషి మీద కాకుండా ఆస్తి మీదే దావా వేయొచ్చు. 2013 నవంబరులో వేసిన అబాచా దావా శీర్షికలో ప్రతివాదిగా ఉన్నది ఒక బ్యాంకు ఖాతా: జెర్సీ దీవిలోని బ్యాంకులో డోరావిల్ ప్రాపర్టీస్ అనే కంపెనీ పేరున ఉన్న ఖాతాలోని సమస్త ఆస్తులు. దొంగ చచ్చిపోయినా, పారిపోయినా, పదవిలో కూర్చున్నా ఖాతా మాత్రం కోర్టు నుంచి పారిపోలేదు. ‘నాది’ అని ముందుకొచ్చినవాడు ఎలా సంపాదించాడో చెప్పాలి. ఎవరూ రాకపోతే జప్తు. అమెరికాకు ఈ వ్యవహారంతో ఏం పని అంటే, డాలర్లలో జరిగే బదిలీ ఏ రెండు దేశాల మధ్యదైనా చాలావరకు న్యూయార్క్ బ్యాంకుల మీదుగానే వెళ్తుంది. ఆ కాసేపు చాలు, అమెరికా చట్టానికి పట్టు దొరుకుతుంది. 2014 ఆగస్టులో వాషింగ్టన్ కోర్టు 48 కోట్ల డాలర్ల జప్తుకు తీర్పు ఇచ్చింది.

అందులో పెద్ద వాటా అప్పటికీ జెర్సీలోనే ఉంది. అమెరికా తీర్పును జెర్సీ కోర్టులు అమలు చేయాలి, అక్కడ అప్పీళ్లు, ఆ తర్వాత ఎవరికి ఎంత, దేనికి వాడాలి అని బేరాలు. అమెరికా, జెర్సీ, నైజీరియా మూడు ప్రభుత్వాలూ సంతకాలు పెట్టింది 2020 ఫిబ్రవరిలో. 31 కోట్ల డాలర్ల దాకా నైజీరియాకు చేరింది ఆ ఏడాది మే నెలలో.

దొంగసొమ్ము దొరికాక ఎవరికివ్వాలన్న ప్రశ్న వినడానికి వింతగా ఉంటుంది. ఎవరిదో వాళ్లకే ఇవ్వాలి కదా. కానీ ఖజానా ఎవరి చేతిలో ఉంది? 2005లో స్విస్ డబ్బు తిరిగొచ్చినప్పుడు అది బడ్జెట్‌లో కలిసిపోయింది. విద్యుత్తు, రోడ్లు, ఆసుపత్రులు, బడులకు వాడామని ప్రభుత్వం చెప్పింది. ప్రపంచ బ్యాంకుతో పాటు స్థానిక పౌరసంఘాలు కూడా పనులు చూడ్డానికి ఊళ్లకు వెళ్తే, కొన్నిచోట్ల పని పూర్తయింది, కొన్నిచోట్ల సగంలో ఆగింది. అదీకాక, బడ్జెట్ సముద్రంలో కలిశాక ఈ చుక్క అబాచాది, ఈ చుక్క పన్నులది అని ఎవరు తేల్చగలరు?

ఆ అనుభవంతో తర్వాతి విడతకు పద్ధతి మార్చారు. లక్సెంబర్గ్‌లో దొరికిన, జెనీవా అధికారులు జప్తు చేసిన 32 కోట్ల డాలర్లకు పైగా సొమ్ము మీద 2017 డిసెంబరులో స్విట్జర్లాండ్, నైజీరియా, ప్రపంచ బ్యాంకు ఒప్పందం రాసుకున్నాయి. ఆ డబ్బు బడ్జెట్‌లో కలవదు. నిరుపేద కుటుంబాలకు నెలకు 5,000 నైరాల చొప్పున అందాలి. అప్పటి మారకం ప్రకారం 14 డాలర్ల చిల్లర. స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు పల్లెల్లో తిరిగి డబ్బు అందిందా, ఎంత అందింది, మధ్యలో ఎవరైనా కోత కోశారా అని అడిగి రాసుకున్నారు. మన దగ్గర ఉపాధి హామీ పనుల మీద జరిగే సామాజిక తనిఖీ చూసినవాళ్లకు ఇది పరిచయమైన దృశ్యమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ తనిఖీకి దేశంలోనే ముందు వరసలో ఉండేది. గ్రామసభలో పేరు చదివి, ‘నీకు ఇంత ముట్టిందని రాసుంది, ముట్టిందా?’ అని అందరి ముందూ అడగడం కంటే గట్టి ఆడిట్ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

2020 ఒప్పందం ఇంకాస్త ముందుకెళ్లింది. జెర్సీ డబ్బు మూడు పనులకే వాడాలి: లాగోస్ – ఇబదాన్ ఎక్స్‌ప్రెస్‌వే, నైజర్ నది మీద రెండో వంతెన, అబూజా – కానో రహదారి. బయటి ఆడిటర్లు ఉంటారు. ఈ డబ్బులో మళ్లీ ఎవరైనా చేయి పెడితే ఆ మేరకు నైజీరియా సర్కారే తిరిగి కట్టాలి. దొంగసొమ్మును వెనక్కిస్తూ దొంగతనం మీద హామీ తీసుకోవడమన్నమాట. ఇది సార్వభౌమత్వానికి అవమానమన్న వాదన ఒకటుంది. డబ్బు తీసుకునేటప్పుడు ఏ బ్యాంకూ ఏ షరతూ పెట్టలేదు, తిరిగిచ్చేటప్పుడు మాత్రం ఇన్ని షరతులా అని. ఆ మాటలో బలముంది. అవతలి వాదనలోనూ బలముంది: ఆ డబ్బు నైజీరియా ప్రభుత్వానిది కాదు, నైజీరియా జనానిది, రెండూ ఒకటే అయ్యుంటే అసలు ఈ కేసే ఉండేది కాదు.

ప్రభుత్వం మీదే అనుమానం ఉన్నచోట ఇంకో పద్ధతి కూడా నడిచింది. కజకిస్థాన్ చమురు ముడుపులతో ముడిపడి స్విట్జర్లాండ్‌లో ఆగిన 8.4 కోట్ల డాలర్ల విషయంలో 2007లో కజక్, స్విస్, అమెరికా ప్రభుత్వాలు కలిసి ‘బోటా’ అనే ఫౌండేషన్ పెట్టించాయి. కజక్ సర్కారు చేతికి పైసా ఇవ్వకుండా పేద పిల్లల చదువుకూ ఆరోగ్యానికీ ఖర్చుపెట్టి, డబ్బు అయిపోయాక 2014లో ఆ సంస్థ మూతపడింది. మూతపడటమే దాని విజయం. ఇలాంటి పనుల కోసం పుట్టి, పని అయ్యాక తనంతట తాను మూసుకున్న సంస్థలు అరుదు.

ఇవన్నీ ఫలించిన కథలు. ఫలించనివి చూస్తే తాళం ఎక్కడుందో ఇంకా బాగా తెలుస్తుంది. జైర్ (ఇప్పటి కాంగో) నియంత మొబుటు ఖాతాలను స్విట్జర్లాండ్ 1997లో ఆపింది. దొరికింది తక్కువే, 77 లక్షల స్విస్ ఫ్రాంకులు. అదైనా ఇద్దామని ఏళ్ల తరబడి ఎదురుచూసింది. కాంగో ప్రభుత్వం కేసును పట్టించుకుని నడపాలి, గడువు లోపల. అది జరగలేదు. గడువు తీరింది, 2009లో ఆ సొమ్మును మొబుటు వారసులకే వదిలేయాల్సి వచ్చింది. అప్పుడు కాంగో ప్రభుత్వంలో ఉపప్రధానుల్లో ఒకరు మొబుటు కొడుకే. జెనీవాలో తలుపు తెరిచి పెట్టుకుని కూర్చున్నా, కాంగో రాజధాని కిన్షాసాలో తట్టేవాడు లేకపోతే అంతే. అబాచా కేసుకు ఒబసాంజో జైలు జీవితం ఎందుకు పెద్ద సంగతో ఇప్పుడు తెలుస్తుంది.

హైతీ నియంత దువాలియే డబ్బు విషయంలో కాలదోషం అడ్డొచ్చింది. నేరాలు పాతబడిపోయాయి కాబట్టి ఖాతా ఇక ఆపలేమని స్విస్ సుప్రీంకోర్టు తీర్పు రాసిన తేదీ 2010 జనవరి 12. అదే రోజు హైతీని భూకంపం నేలమట్టం చేసింది. శవాలు తీస్తున్న దేశానికి దక్కాల్సిన డబ్బు పాత నియంత కుటుంబానికి వెళ్తుందంటే స్విస్ ప్రజలే తట్టుకోలేకపోయారు. ఖాతాను ప్రభుత్వం మళ్లీ ఆపింది, ఆ ఏడాదే పార్లమెంటు కొత్త చట్టం తెచ్చింది. దోపిడీకి గురైన దేశంలో న్యాయవ్యవస్థ కూలిపోయి సహకరించలేని స్థితిలో ఉన్నా, స్విట్జర్లాండ్ తనంతట తాను జప్తు చేసేలా. దాన్ని ఇంకా విస్తరించిన చట్టం 2016 జులై నుంచి అమల్లో ఉంది.

ఈ అనుభవాల మధ్యే ప్రపంచం ఒక ఉమ్మడి ఒప్పందం రాసుకుంది. ఐక్యరాజ్యసమితి అవినీతి వ్యతిరేక ఒడంబడిక 2003 డిసెంబరు 9న మెక్సికోలోని మెరిదా నగరంలో సంతకాలకు వచ్చింది, 2005 డిసెంబరులో అమల్లోకి వచ్చింది. ఇప్పుడు 190కి పైగా పక్షాలున్నాయి. భారత్ 2011 మేలో ఆమోదించింది. దాని ఐదో అధ్యాయం ఆస్తుల వాపసు గురించే. దొంగసొమ్ము తిరిగివ్వడం దయ కాదు, ఒడంబడికలోని మూలసూత్రం అని 51వ అధికరణం చెబుతుంది. ఇంకో దేశపు కోర్టులో నేరుగా దావా వేసే వీలు, నేరస్థుడు చనిపోయినా పారిపోయినా జప్తు చేసే వీలు కల్పించమని కూడా చెబుతుంది. ఇవన్నీ జెనీవాలో, వాషింగ్టన్‌లో కొట్టుకుని తెరుచుకున్న తలుపులే. ఒడంబడిక వాటిని కాగితం మీద పెట్టింది. అయితే అమలు చేయని దేశాన్ని ఏం చేయాలో మాత్రం అందులో లేదు.

మన దేశానికొస్తే ముందు ఒక గందరగోళం వదిలించుకోవాలి. మన వాడుకలో నల్లధనం అంటే పన్ను ఎగ్గొట్టింది, లంచం తీసుకుంది, బ్యాంకును ముంచింది అన్నీ ఒకటే. విదేశీ కోర్టుకు ఇవి మూడూ వేరు. 2019 సెప్టెంబరు నుంచి స్విట్జర్లాండ్ భారతీయుల ఖాతాల వివరాలు ఏటా మన ఆదాయపు పన్ను శాఖకు దానంతటదే పంపుతోంది. కానీ ఆ సమాచారం పన్ను పనుల కోసం ఇచ్చింది. జాబితా బయటపెట్టమని టీవీ చర్చల్లో ఎంత గొంతు చించుకున్నా ఒప్పందం ఒప్పుకోదు. ఖాతా ఉండటమే నేరం కూడా కాదు.

పరారీ ఆర్థిక నేరస్థుల చట్టం 2018లో వచ్చింది. 100 కోట్ల రూపాయలు దాటిన నేరం చేసి దేశం దాటినవాడి ఆస్తులను, శిక్ష పడేదాకా ఆగకుండా జప్తు చేయొచ్చు. ఆ చట్టం కింద మొదట ముద్ర పడింది 2019 జనవరిలో విజయ్ మాల్యా మీద. ఆయన ఆస్తుల నుంచి 14,131 కోట్ల రూపాయలు ప్రభుత్వ బ్యాంకులకు చేరాయని 2024 డిసెంబరులో ఆర్థిక మంత్రి పార్లమెంటులో చెప్పారు. చిన్న మొత్తం కాదు. కాకపోతే అందులో సింహభాగం మన దేశపు కంపెనీల షేర్లు. ఇక్కడే ఉన్నాయి, ఇక్కడే ఆగాయి, ఇక్కడే అమ్ముడుపోయాయి. మనిషిని రప్పించడం, విదేశంలో ఉన్న ఆస్తిని రప్పించడం వేరే యుద్ధాలు. 2018లోనే అప్పగింతకు లండన్ కోర్టు సరేనన్నా ఆయన అక్కడే ఉన్నారు.

తెలుగు నేలకు నేరుగా తగిలిన కేసు కూడా ఒకటుంది, జనం దాదాపు మర్చిపోయారు. మన తీరపు ఇసుకలో టైటానియం ఖనిజం తవ్వుకునే అనుమతుల కోసం 1.85 కోట్ల డాలర్ల ముడుపులు ఎరవేశారంటూ షికాగోలో అమెరికా మోపిన అభియోగాలు 2014 ఏప్రిల్‌లో బయటపడ్డాయి. ప్రధాన నిందితుడు ఉక్రెయిన్ వ్యాపారి దిమిత్రో ఫిర్తాష్. నిందితుల్లో అప్పటి ఉమ్మడి రాష్ట్రానికి చెందిన ఒక ఎంపీ కూడా ఉన్నారు. ఆరోపణలు నిజం కాదన్నది వాళ్ల మాట. ఫిర్తాష్ ఆ ఏడాది మార్చిలోనే వియన్నాలో అరెస్టయ్యాడు, 12.5 కోట్ల యూరోల పూచీకత్తు కట్టి బయటికొచ్చాడు. తర్వాత పదేళ్ల పైచిలుకు అంతా ఆస్ట్రియా కోర్టుల్లో ఒకే ప్రశ్న మీద నడిచింది: అతన్ని అమెరికాకు అప్పగించాలా వద్దా. ఇసుక మన దగ్గరిది, డబ్బు ఇంకెవరిదో, కేసు షికాగోలో, నిందితుడు వియన్నాలో. నిజమో అబద్ధమో తేలాలంటే ముందు విచారణ జరగాలి కదా.

అంతర్జాతీయ సహకారం అన్న మాట ఇలా ఎప్పుడూ ఒకరిద్దరి భుజాల మీదే నడిచింది. ఒకటి స్విట్జర్లాండ్, రెండోది అమెరికా. మలేసియా ప్రభుత్వ పెట్టుబడి నిధి 1ఎండీబీ నుంచి మాయమైన 450 కోట్ల డాలర్ల వేటలోనూ ఇండోనేసియాలోని బాలి తీరంలో 2018లో విలాస నౌకను పట్టించింది అమెరికా దావాయే. ఆ దావా నడిపింది, దేశాధినేతల దోపిడీ సొమ్ము వెంటపడటానికి 2010లో అమెరికా న్యాయశాఖ పెట్టుకున్న ప్రత్యేక కార్యక్రమం. 2025 ఫిబ్రవరిలో కొత్త ప్రభుత్వం రాగానే దాన్ని రద్దుచేసింది. విదేశీ అధికారులకు లంచాలిచ్చే కంపెనీల మీద కేసులు పెట్టే చట్టం అమలునూ అదే నెలలో కొంతకాలం ఆపింది. మార్చిలో అమెరికన్ కంపెనీలు తమ అసలు యజమానులెవరో ప్రభుత్వానికి చెప్పనక్కర్లేదని మినహాయించింది. డోరావిల్ లాంటి డొల్ల కంపెనీ వెనక ఎవరున్నారో కనిపెట్టడానికి పనికొచ్చే సమాచారం అదే. ఖాళీ అయిన ఆ కుర్చీలో కూర్చోవడానికి యూరప్ తొందరపడుతున్న సూచన లేదు. అక్కడ కూడా 2022 నవంబరులో యూరోపియన్ కోర్టు, కంపెనీల అసలు యజమానుల వివరాలు ప్రజలందరికీ తెరిచి ఉంచడం చెల్లదంది.

2014 ఫిబ్రవరిలో నైజీరియా తన నూరేళ్ల పండుగ చేసుకుంది. దేశానికి సేవ చేసినవాళ్లని వంద మందికి పురస్కారాలిచ్చారు. జాబితాలో సానీ అబాచా ఉన్నాడు. అదే జాబితాలో పేరున్న నోబెల్ రచయిత వోలే సోయింకా, అబాచా పక్కన తనకీ గౌరవం అక్కర్లేదని తిరస్కరించాడు. ఆర్నెల్లు తిరక్కుండానే వాషింగ్టన్ కోర్టు అబాచా సొమ్ము 48 కోట్ల డాలర్లు జప్తు చేయమంది.

జెర్సీ నుంచి వచ్చిన డబ్బులో కొంత పోసిన నైజర్ వంతెన 2023 మేలో ప్రారంభమైంది. ఇంకో వాటా వెళ్లిన అబూజా – కానో రహదారి సుమారు 375 కిలోమీటర్లు. 2017 చివర్లో కాంట్రాక్టు ఇచ్చిన ఆ రోడ్డులో అబూజా నుంచి కడూనా దాకా ఉన్న ముక్క సాగీ సాగక, 2024 నవంబరులో ప్రభుత్వం ఆ కాంట్రాక్టునే రద్దు చేసింది. ఆ దారి చివరున్న కానో అబాచా పుట్టిన ఊరు. ఆయన్ని పూడ్చిపెట్టింది కూడా అక్కడే.